వరిగడ్డి గూళ్లు

పదకొండో ఏడు వచ్చేదాకా నేను పక్క తడిపేదాన్ని. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. వచ్చిన జ్వరాలు, చదివిన పుస్తకాలు, ఎవరితోనో అనాలనుకుని అనలేకపోయిన మాటలు అన్నీ అందులో ఉన్నాయి. ఇది మాత్రం లేదు. నా డైరీ ఎవరూ తెరవరని తెలిసినా రాయలేకపోయాను. మా ఇంట్లో కూడా దీనికో పేరు ఉండేది కాదు. తెల్లవారకముందే అమ్మ నా కింద దుప్పటి లాగి తీసుకెళ్లి, చెరువు గట్టున పిండి ఆరేసేది. నాన్న అటు తిరిగి పళ్లు తోముకునేవాడు. 

మొన్నామధ్య, తెనాలిలో నేను లైబ్రరీ చూసుకునే స్కూల్లో తెలుగు టీచరు సెలవు పెడితే, ఐదో తరగతికి నన్ను పంపారు. నలుగురి ముందు నిలబడితే గొంతు పెగలని మనిషిని నేను. పిల్లల చేతే మాట్లాడిస్తే నేను తప్పించుకోవచ్చని, బోర్డు మీద 'గూడు' అని రాసి, ఈ మాట ఎక్కడెక్కడ విన్నారో చెప్పమన్నాను.

"పిచ్చుక గూడండి!"

"సాలెగూడు టీచర్!"

"మా తాతది గూడు రిక్షా అండి. పైన టాపు ఉంటదిగా, అందుకని."

"మా నాయనమ్మ ఇంట్లో గోడకి దీపం గూడు ఉందండి. అందులో ఇప్పుడు ఫోన్ ఛార్జర్ పెడతన్నారు."

రామాపురం బీచికి వెళ్లొచ్చిన పిల్ల, పాదం మీద తడి ఇసక మెత్తి, పాదం మెల్లగా లాగేస్తే మిగిలే గూడు గురించి చెప్పింది. ఇంకొకడు లేచి, "మా మావయ్యకి ఛాతీలో కఫం గూడు కట్టిందన్నారండి డాక్టరు గారు" అన్నాడు. క్లాసంతా నవ్వారు. వాడు కోపంగా, "నవ్వుతారేంటి, నిజంగానే అన్నారు" అని కూచున్నాడు.

ముందు బెంచీలో ఉన్న ఒక చిన్నది నన్నే చూస్తూ అడిగింది. "మీకు తెలిసిన గూడు ఏంటండి టీచర్?"

నాకు తెలిసిన గూడు ఒకటుంది. దాన్ని ఆ అర్థంలో వాడగా మరెక్కడా వినలేదు, ఏ నిఘంటువులోనూ చూడలేదు. "బెల్లు కొడతారు, పుస్తకాలు సర్దుకోండి" అన్నాను. బెల్లుకి ఇంకా చాలా టైముంది.

*

మా అమ్మా నాన్నా అప్పట్లో రేపల్లె అవతల రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లు. గట్టు మీద తాటాకు గుడిసె. చుట్టూ ఎటు చూసినా నీళ్లే. నీళ్లలో చక్రాలు తిరుగుతూ ఉండేవి. అవి ఆగితే రొయ్యలకి ఊపిరాడదు, కాబట్టి నాన్నకి నిద్ర ఉండేది కాదు. గుడిసె నిండా రొయ్యల మేత వాసన. బడి ఉన్న ఊరికి వెళ్లాలంటే గట్ల మీద పడి చాలా దూరం నడవాలి. వర్షాకాలం అసలు దారే ఉండదు. అందుకని బాపట్లలో మా చర్చి సంఘం వాళ్లకి తెలిసిన ఒక ఆడపిల్లల బోర్డింగులో నన్ను చేర్పించాలని నిర్ణయించారు.

రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో దిగి, మళ్లీ బాపట్ల బండి ఎక్కాం. తెనాలి ప్లాట్‌ఫారం మీద అమ్మ నాకు ఇడ్లీ తినిపిస్తూ, ఎవరూ వినకుండా చెవిలో చెప్పింది. "పొద్దుగూకినాక మంచినీళ్లు తాగమాక. గొంతు తడుపుకో, అంతే. ఇనపడిందా?"

"ఊఁ."

"ఎవరన్నా అడిగితే లేదని చెప్పు."

బోర్డింగు వార్డెను గారిని అందరూ అమ్మగారు అనేవారు. సన్నగా, తెల్లటి చీరలో, ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడేవారు. ఆమె నన్ను ఏమీ అడగలేదు, అమ్మనే అడిగారు.

"పిల్లకి తేపతేపకీ జ్వరాలు రావడం, పక్కలో పోయడం లాంటివేమీ లేవు కదమ్మా? ఎందుకంటే అందరూ ఒకే హాల్లో కింద పడుకుంటారు. పోయినేడు ఒక పిల్లని పంపించెయ్యాల్సి వచ్చింది. మిగతా పిల్లల వాళ్లు ఊరుకోలేదు."

"అయ్యో, లేదండి. అట్టాంటిదేం లేదండి" అంది అమ్మ.  నా భుజం మీద ఉన్న ఆమె చెయ్యి బరువెక్కింది.

ఆ బోర్డింగులో మరియలు, రూతులు, ఎస్తేరులు లెక్కకి మించి ఉండేవాళ్లు. అందుకని ఎవర్నీ పేరుతో పిలిచేవాళ్లు కాదు. ఊరి పేరే మనిషి పేరు. నేను రేపల్లె. నా కుడిపక్క పడుకునే పిల్ల పొన్నూరు. వంటింటి దగ్గర ఎప్పుడూ తిరుగుతుండే బొద్దు పిల్ల కొల్లూరు. "ఒసే కొల్లూరూ, పొన్నూరుని రేపల్లె పిలుస్తందే!" అని ఎవరన్నా అరిస్తే, బయటివాళ్లకి బస్టాండులో మైకు విన్నట్టుండేది.

అన్ని హాస్టళ్లకీ అప్పటికే పరుపులు వచ్చాయి. మాకు రాలేదు. బడి తెరిచిన రోజునే రెండు గోనె సంచులు కలిపి కుట్టి తలా ఒకటి ఇచ్చేవాళ్లు. పెరట్లో వరిగడ్డి వామి ఉండేది. వంటమనిషి ఆయమ్మ ఆ వామి పక్కన నిలబడి ఒక్కొక్కరికీ ఒక మోపు లాగి ఇచ్చేది. దాన్ని సంచిలో కూరుకుని, మూతి కుట్టకుండా మడిచిపెట్టుకుని, గోడ వారగా వరసగా పరుచుకునేవాళ్లం. మొదటి రోజుల్లో అది ఎత్తుగా, గుచ్చుకుంటూ, పొలం వాసనేస్తూ ఉండేది. పడుకోగా పడుకోగా నడుమ గుంట పడి, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లకి ఒక తొట్టిలా తయారయ్యేది. దాన్నే మేము గూడు అనేవాళ్లం. "నా గూట్లో కూచోమాక", "గూళ్లు సర్దండే, అమ్మగారొస్తన్నారు", "దాని గూటికింద బెల్లం ముక్క ఉందంట". మడుచుకుని పడుకోవడం నాకు ఆ గూటిలోనే అలవాటయింది. ఇప్పటికీ మంచం మీద అలాగే పడుకుంటాను.

ఆ హాలు వాసన ఇప్పటికీ నాకు తెలుసు. వరిగడ్డి, కొబ్బరినూనె రాసిన జడలు, పెంకుల మీద ఎండిన వాన, వంటింట్లోంచి వచ్చే చింతపండు చారు పోపు. ఆదివారం మాత్రం మసాలా. ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారి ప్రసంగం సాగుతుంటే గాలి ఇటు తిరిగేది. కూర వాసన గుళ్లోకి, అంటే మా చర్చిలోకి, వచ్చేది. అప్పుడు మా వరసలో ఉన్న అందరి ముక్కులూ ఒక్కసారే కదలడం చూసి అయ్యగారు ప్రసంగం కుదించేవారని ఆయమ్మ అనేది.

"దేవుడి మాట కంటే నా కూరకే భక్తులెక్కువే" అని ఆమె గరిటె ఊపేది.

"నీ కూరలో ముక్కలెక్కడున్నాయి ఆయమ్మా, అంతా నీళ్లేగా" అనేది పొన్నూరు.

"ఒసే పొన్నూరూ, నీ నోట్లో గరిటె పెడతా చూడు!"

పొన్నూరుకి అందరితోనూ మాట్లాడే ధైర్యం ఉండేది. నాకు ఉండేది కాదు. నేను దాని వెనకే నిలబడి, అది మాట్లాడితే నవ్వేదాన్ని.

*

బెల్లు కొట్టకముందే నాకు మెలకువ వచ్చేది. మొదట వెచ్చగా, వెంటనే చల్లగా తెలిసేది. నేను కదలకుండా పడుకుని, ఒంటి వేడికి ఆరుతుందేమోనని చూసేదాన్ని. కొన్నాళ్లకి ఒక పద్ధతి కనిపెట్టాను. సంచి మూతిలోంచి చెయ్యి పెట్టి, తడిసిన గడ్డిని అడుక్కి తోసి, అంచుల్లో ఉన్న పొడి గడ్డిని నడిమికి లాక్కునేదాన్ని. లంగా మార్చుకుని, తడి లంగాను స్నానానికి వెళ్లేటప్పుడు తువ్వాలులో చుట్టి తీసుకెళ్లేదాన్ని. వర్షాకాలం నాకు మేలు చేసింది. పెంకుల సందుల్లోంచి కారే నీళ్లకి అందరి పక్కలూ తడిసేవి, హాలంతా ముక్కిపోయిన వాసనే. ఆ వాసనలో నాది కలిసిపోయేది.

సాయంత్రం ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను ఒకటే అడిగేదాన్ని. దేవా, నా పక్క తడవకుండా చెయ్యి. కొన్ని రోజులు అయ్యాక దేవుడికి అది కష్టమేమోననిపించి, కాస్త తేలికైంది అడిగాను. అది కుదరకపోతే, తడిసేది నాదొక్కటే కాకుండా చెయ్యి.

ఆ ప్రార్థన ఆయన విన్నాడనే అనుకున్నాను. ఎందుకంటే ఆ తర్వాత నుంచే పొన్నూరు చెంబు తన్నడం మొదలుపెట్టింది.

తాగడానికని అది తల దగ్గర చెంబుతో నీళ్లు పెట్టుకునేది. పొద్దున బెల్లు మోగగానే ఉలిక్కిపడి లేచి, కాలితో ఆ చెంబుని తన్నేది. నీళ్లు దాని గూటి మీద నుంచి నా గూటి మీదకి పారేవి. రోజూ కాదు గాని, తరచూ. నేను అదే తడిలో లేచి కూచుని, "అబ్బా, చూడండే, నా పక్కంతా తడిపేసింది" అనేదాన్ని. హాల్లో నేను పైకి మాట్లాడే మాట అదొక్కటే.

"నీకు కాళ్లా, కర్రలా?" అని అమ్మగారు దాన్ని వరండాలో మోకాళ్ల మీద నిలబెట్టేవారు. చెంబు పెట్టుకోవద్దన్నారు. అప్పుడది పొద్దున్నే అందరికంటే ముందు లేచి తలంతా తడుపుకొచ్చి, గూట్లో కూచుని జడ పిండుకునేది. దానికీ మోకాళ్లే. మిగతావాళ్లు ఉప్మా తింటుంటే అది వరండాలో ఉండేది. నన్ను చూసి కన్ను గీటేది.

"నీ వాటాలో మాడు ముక్క దాచే రేపల్లే" అని పెదాలతో అనేది.

నేను దాచేదాన్ని. దేవుడు నా మొర విని పొన్నూరు కాళ్లలో బలం తీసేశాడని, పాపం దానికి తెలియదని, అందుకు బదులుగా మాడు ముక్క ఇస్తే సరిపోతుందని నా లెక్క.

*

ఆ బోర్డింగులో క్రిస్మస్‌కి ఒక ఆచారం ఉండేది. సెలవులిచ్చే రోజు మధ్యాహ్నం గుళ్లో ఆరాధన జరిగేది. పిల్లల్ని ఇళ్లకి తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మలూ నాన్నలూ అందరూ కూచునేవాళ్లు. ముందర ఒక చెక్క తొట్టె. పిల్లలందరూ పాట పాడుతూ వరసగా వెళ్లి, ఎవరి గూట్లోంచి వాళ్లు తెచ్చిన గుప్పెడు గడ్డి ఆ తొట్టెలో వెయ్యాలి. అందరి గడ్డీ పడ్డాక బాలయేసు బొమ్మని దాని మీద పడుకోబెడతారు. "మీరు పడుకునే చోటే ఆయన కూడా పడుకుంటాడు. అంతకంటే మంచి పక్క ఆయనకి అక్కర్లేదు" అని అయ్యగారు వారం ముందే చెప్పారు. పిల్లలందరికీ అది సరదా. ఎవరి గడ్డి ఎలా ఉందో చూసుకుని, మంచి పోచలు ఏరి, ఎర్ర రిబ్బనుతో కట్టుకుంటున్నారు.

నా సంచిలో పొడి గడ్డి మిగలలేదు. వర్షాలు పోయి చలి వచ్చాక నా అవస్థ ఎక్కువైంది. అంచుల గడ్డి కూడా నడిమికి వచ్చి, అంతా నల్లబడి, ముద్దలు కట్టింది. వామి కూడా అయిపోయింది. ఉన్న మంచి గడ్డంతా ఒక్కచోటే ఉంది. వంటింటి మూల ఆయమ్మ కోడి గంపలో గుడ్లు పొదుగుతూ ఉంది. ఆ ఏటి కోతల నుంచి ఎవరో తెచ్చిచ్చిన కొత్తగడ్డి, బంగారం రంగులో ఉన్నది, ఆయమ్మ దాని కింద పరిచింది. గుప్పెడు చాలు నాకు.

సెలవులిచ్చే రోజు పొద్దున్నే అమ్మా నాన్నా వచ్చారు. నాన్న భుజం మీద ఐసు వేసిన రొయ్యల డబ్బా. చెరువు యజమాని పండక్కి తీసుకెళ్లమని ఇచ్చాడట. "పిల్లలందరికీ వండండి అమ్మగారూ" అని అమ్మ అంది. ఆ డబ్బా చూసి ఆయమ్మ మురిసిపోయింది. పిల్లలు నా చుట్టూ చేరారు.

"మీ నాన్న రోజూ రొయ్యలే తింటాడంటే?"

"మీ ఇంటికి తీసుకెళ్లవే!"

అంతమంది నాతో మాట్లాడడం అదే మొదలు. రొయ్యలు వేగుతున్న వాసనకి ఎదురింటి వాళ్లు కూడా గోడ మీదుగా తొంగిచూశారు. అమ్మ నన్ను దగ్గరకు తీసుకుని, జడలో కనకాంబరాలు పెడుతూ, చెవిలో అడిగింది. "ఏం ఇబ్బంది లేదుగా?"

"లేదు" అన్నాను.

ఆ సంతోషంలోనే, ఆయమ్మ పొయ్యి దగ్గర ఉండగా, నేను మెల్లగా గంప దగ్గరికి వెళ్లాను. వెళ్లేలోపలే ఆయమ్మ కేక వినపడింది.

"ఎవతే అది! నా కోడి కిందకి చెయ్యి పెట్టిందెవతే?"

గంపలో గడ్డి లేదు. గుడ్లు వట్టి వెదురు మీద దొర్లుతున్నాయి. కోడి గంప అంచున నిలబడి రేగిపోయి అరుస్తోంది.

"పొడిచే ఉంటది. చేతులు చూపించండే అందరూ! గాటు ఉన్నదే దొంగ!"

నేను నా చేతులు చూపించాను. ఆయమ్మ అందరి చేతులూ తిప్పి చూసింది. పొన్నూరు మాత్రం చేతికి గుడ్డ చుట్టుకుని, "రొయ్య ముల్లు గుచ్చుకుంది ఆయమ్మా, ఇందాక నువ్వే ఒలవమన్నావుగా" అంది. ఆయమ్మ గొణుక్కుంటూ, తన పాత చీర ముక్క తెచ్చి గుడ్ల కింద మడిచిపెట్టింది.

బెల్లు కొట్టారు. నేను హాల్లోకి పరుగెత్తి, నా సంచి అడుగున చెయ్యి పెట్టి, అంతలో దొరికిన కాస్త నయమైన గడ్డి గుప్పెట్లో గట్టిగా బిగించుకుని వరసలో నిలబడ్డాను. నా ముందు పొన్నూరు. దాని చేతిలో గడ్డి బంగారంలా మెరుస్తోంది. చిన్న తెల్లటి ఈక ఒకటి దానికి అంటుకుని ఉంది. నేను చూశాను గాని, నా గుప్పెడు తప్ప నా బుర్రకి మరేదీ పట్టలేదు.

తొట్టె దగ్గర అమ్మగారు నిలబడి, ఒక్కొక్కరి చేతిలో గడ్డి అందుకుని సర్దుతున్నారు. పొన్నూరు వేసింది. "ఎంత బావుందో" అన్నారు అమ్మగారు. తర్వాత నేను. గుప్పెడు విప్పకుండా వేసేద్దామనుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, వేళ్లు విప్పారు.

ఆమె ముఖం మారలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిన పని కూడా లేకపోయింది. "ఇది నీ పక్కలోదేనామ్మా?" అని మెల్లగా అడిగారు.

"అవునండి."

ఆమె దాన్ని తొట్టెలో వెయ్యలేదు. వంగి, తొట్టె వెనకాల నేల మీద పెట్టారు. చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, నా వెనకున్న పిల్లకి చెయ్యి చాపారు. పాట ఆగలేదు. ఎవరూ ఏమీ గమనించలేదనే చాలా ఏళ్లు అనుకున్నాను, ఒక్క మనిషి తప్ప. నేను తిరిగి వస్తుంటే, తల్లుల వరసలో అమ్మ తల దించుకుని కూచుని ఉంది.

ఆరాధన అయ్యాక ఆఫీసు గది మెట్ల మీద అమ్మగారు కుర్చీలో కూచున్నారు. అమ్మ కింద మెట్టు మీద, ఆమె కాళ్ల దగ్గర కూచుంది. నేను స్తంభం పక్కన ఉన్నాను.

"చిన్నపిల్ల, దాని తప్పేం లేదమ్మా. కానీ నేను ఆ రోజే అడిగాను కదా."

"మానిపిస్తానండి. ఒక్క నెల చూడండి. గట్టు మీద బడి లేదండి అమ్మగారూ."

"నాకు మాత్రం సంతోషమా చెప్పు? మీ రొయ్యలు తిన్న నోటితోనే ఈ మాట చెప్పాల్సి వస్తోంది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నా పెట్టె భుజానికెత్తుకున్నాడు. మేము గేటు దాటుతుంటే పెరట్లోంచి పొగ వచ్చింది. ఆయమ్మ నా సంచి దులిపి గడ్డి తగలబెడుతోంది. తడి గడ్డి కాబట్టి మంట రాలేదు, పొగే వచ్చింది. పిల్లలు వరండాలో నిలబడి చేతులూపారు. సెలవులకి వెళ్తున్నాననుకున్నారు. పొన్నూరు అక్కడ లేదు.

*

తర్వాత నన్ను తెనాలిలో అమ్మమ్మ దగ్గర పెట్టి చదివించారు. కొన్నాళ్లకి అది దానంతటదే పోయింది. ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పుకోలేదు. అమ్మకి ఆ మెట్ల మీద కూచున్న సంగతి గుర్తుందో లేదో ఇప్పటికీ అడగలేదు. ఆ బోర్డింగు మూసేశారు. పెంకుల హాలు పడగొట్టి షాపులు కట్టారు.

డిగ్రీ చదివే రోజుల్లో, ఏదో పుస్తకం చదువుతూ ఉన్నట్టుండి ఆగిపోయాను. పొన్నూరు కాళ్లు బలహీనమైనవి కావు. అది మా అందరిలోకీ బాగా పరుగెత్తేది. నిద్రలో కూడా చెంబు తన్నే పిల్ల కాదు. నా తడి దాచడానికే అది నీళ్లు పోసిందని, నాకోసం మోకాళ్ల మీద నిలబడిందని అప్పుడు తెలిసింది. అప్పటిదాకా సిగ్గు ఒకటే, ఆ రోజు నుంచి రెండు. నేను దానికి ఇచ్చింది మాడు ముక్కలు. దాని మీద పైకి అన్న మాట, "నా పక్కంతా తడిపేసింది". ఎప్పటికైనా కనపడితే ఏం చెప్పాలో మనసులో సిద్ధం చేసుకున్నాను. మార్చి మార్చి, చక్కగా, చిన్నగా.

ఐదో తరగతి పిల్లల్ని బెల్లుకి ముందే పుస్తకాలు సర్దుకోమన్న ఆ వారమే, శనివారం సాయంత్రం, రేపల్లె బండి కోసం తెనాలి స్టేషన్‌లో పుస్తకం పట్టుకుని కూచున్నాను. ఎదురుగా చీరాల వైపు వెళ్లే బండి వచ్చి ఆగింది. కిటికీలోంచి ఎవరో పిలిచారు.

"ఒసే, రేపల్లే!"

ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు లోకంలో లేరనుకున్నాను. లేచి వెళ్లాను. కిటికీ కడ్డీల వెనక లావుపాటి మనిషి, ఒళ్లో పిల్లాడు, అదే నవ్వు.

"గుర్తుపట్టలా? పొన్నూరునే! ఇంత లావయ్యానా?"

"లేదు, లేదు" అన్నాను.

"అదే గొంతు, ఇనపడకుండా మాట్లాడతావ్. చీరాలలో ఉంటన్నాం. మా ఆయనది బట్టల వ్యాపారం. అదిగో, పై బెర్తు మీద గురక పెట్టేది ఆయనే. నీకు పెళ్లయిందా? కాలేదా? ఏంటే ఆ పుస్తకం, ఇంకా చదవటం మానలేదా?"

"నీకో మాట చెప్పాలి" అన్నాను. ఎన్నాళ్లుగానో సిద్ధం చేసుకున్న మాట నాలుక మీద ఉంది.

"ముందు నన్ను చెప్పనీ. బండి కదిలిద్ది." పిల్లాణ్ని పక్కన కూచోబెట్టి, ముఖం కడ్డీలకి ఆనించి, గొంతు బాగా తగ్గించింది. దాని గొంతు అంత తగ్గడం నేనెప్పుడూ వినలేదు.

"ఆ గడ్డి నాదే."

"ఏ గడ్డి?"

"అమ్మగారు తొట్టి ఎనకాల పెట్టారే, నీ చేతిలోది. నాకు అలవాటుండేదే. పెద్దమనిషినయ్యేదాకా పోలా. ఇంట్లో వాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు, మా ఆయనక్కూడా చెప్పలా. పొద్దున్నే చెంబు తన్నేదాన్నిగా? నీళ్లు పడితే ఏది ఏదో తెలీదని. నాదంతా కారి నీ గూట్లోకొచ్చేది. నువ్వేమో తెల్లారి లేచి, పాపం, ఎందుకు తడిసిందో కూడా తెలీక గడ్డి అటూ ఇటూ సర్దుకునేదానివి. నేను కళ్లు మూసుకుని చూస్తా పడుకునేదాన్ని. కోడి కింద గడ్డి తీసింది కూడా నేనే. నేను మంచి గడ్డి ఏసి తప్పించుకున్నా, నేను పాడుచేసిన గడ్డి నీ చేతిలో పడింది. మీ అమ్మ ఆ మెట్ల మీద కూచోటం నేను హాలు కిటికీలోంచి చూశానే. అప్పుడన్నా పోయి చెప్పాల్సింది. చెప్పలా. పదో తరగతి దాకా అక్కడే చదూకున్నా. నీ సీటు నేను తిన్నట్టే."

దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పిల్లాడు దాని కొంగు లాగుతున్నాడు.

నాకూ అదే అలవాటే పిచ్చిదానా, అది నా గడ్డే. ఇంతే చెప్పాలి. ఒక్క ఊపిరిలో చెప్పేయొచ్చు. అది ఇన్నేళ్లుగా మోసింది దిగిపోయేది. ఇద్దరం ప్లాట్‌ఫారం మీద పిచ్చివాళ్లలా నవ్వుకునేవాళ్లం. నాకు నోరు రాలేదు. సిగ్గుపడ్డాననో, చుట్టూ జనం ఉన్నారనో రాసుకోవచ్చు, అదీ కొంత నిజమే. కాని అసలు సంగతి వేరు. ఆ తడి నాది కాదని నమ్మే మనిషి పుట్టాక మొదటిసారి నా ఎదురుగా ఉంది. ఆమె కళ్లలో నేను ఏ పాపం ఎరగని, తెల్లటి, పొడి గడ్డి మీద పడుకున్న పిల్లని. ఆ పిల్లని ఇంకొక్క నిమిషం ఉండనిద్దామనిపించింది. ఆ నిమిషంలోనే బండి కదిలింది.

నేను కడ్డీ పట్టుకుని నాలుగడుగులు నడిచాను. ఫోన్ నంబరు అడగాలన్నా తోచలేదు. ఇంటిపేరు ఏనాడూ తెలియదు. అంతమంది మరియల్లో, రూతుల్లో అది ఎవరో కూడా తెలియదు. చీరాలలో బట్టల వ్యాపారం చేసేవాళ్లలో పొన్నూరు ఎవరని ఎలా అడగను? నా ముఖంలో ఏం కనపడిందో, దాని ముఖం వాడిపోయింది. కోపం అనుకుని ఉంటుంది. కడ్డీల్లోంచి చెయ్యి బయటికి చాపింది. నేను అందుకునేలోపే బండి వేగం అందుకుంది. ఆ రొదలో అది గొంతెత్తి అరిచిన మాట మాత్రం నాకు స్పష్టంగా వినపడింది.

"ఏదో ఒకటి అనవే, తిట్టన్నా తిట్టవే!"